కడుపుకు బ్యాండు వేయించుకున్నారా? ఇవి తెలుసుకోండి



ఊబకాయం తగ్గడానికి చేసే ఆపరేషన్లలో గ్యాస్ట్రిక్ బ్యాండు ఒకటి. ఇప్పుడు దీన్ని కొత్తగా వేసేవారు చాలా తక్కువ. జీర్ణాశయంలో ఎక్కువ భాగాన్ని తీసివేసే స్లీవ్ ఆపరేషను, పేగును మళ్లించే బైపాస్ ఆపరేషను దాని స్థానంలోకి వచ్చాయి. అయినా ఈ వ్యాసం అవసరమనిపించింది. ఎందుకంటే 2000 తరువాతి పది పన్నెండేళ్లలో మన దేశంలోని పెద్ద నగరాల్లోనూ, అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాల్లోనూ ఎంతోమంది దీన్ని వేయించుకున్నారు. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. ఆపరేషను చేసిన డాక్టరు వేరే చోటికి వెళ్లిపోయి ఉండవచ్చు. ఆనాటి కాగితాలు పోయి ఉండవచ్చు. బ్యాండు మాత్రం కడుపులో అలాగే ఉంది.

ఇటువంటివారు ఆసుపత్రికి వచ్చినప్పుడు మేము తరచుగా వినే మాటలు రెండు. మొదటిది, "సిస్టరు గారూ, బరువు తగ్గడం ఆగిపోయింది. ఇంకాస్త బిగించమని డాక్టరు గారితో చెప్పండి." రెండవది, "తిన్నది రోజూ వాంతి అవుతోందండీ. బ్యాండు ఉన్నవాళ్లకు ఇది మామూలే కదా?" ఈ రెండు మాటల వెనుక ఉన్న అపోహ ఒక్కటే. బ్యాండు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని వారి నమ్మకం. ఈ నమ్మకం వల్ల బరువు తగ్గకపోగా ఆరోగ్యం పాడవుతుంది. ఒక్కోసారి ప్రాణం మీదికి కూడా వస్తుంది. అందుచేత బ్యాండు ఎలా పనిచేస్తుందో, దానితో ఎలా తినాలో, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలో వివరంగా తెలుసుకుందాం.

బ్యాండు అంటే ఏమిటి?

ఇది మెత్తటి సిలికాన్‌తో చేసిన ఉంగరం వంటి పట్టీ. అన్నవాహిక వచ్చి జీర్ణాశయంలో కలిసే చోటికి కొంచెం కింద, నడుముకు బెల్టు పెట్టినట్టు, జీర్ణాశయం పైభాగం చుట్టూ దీన్ని అమరుస్తారు. పట్టీకి పైన ఒకటి రెండు పెద్ద చెంచాల పదార్థం పట్టేంత చోటు మాత్రమే మిగులుతుంది. పట్టీ లోపలి అంచున సైకిలు ట్యూబు వంటి సన్నని తిత్తి ఉంటుంది. ఆ తిత్తి నుంచి ఒక గొట్టం వచ్చి, పొట్ట చర్మం కింద కండరం మీద అమర్చిన చిన్న బిళ్లకు కలుస్తుంది. ఈ బిళ్లను పోర్టు అంటారు. వేలితో నొక్కి చూస్తే చాలామందికి ఇది తగులుతుంది.

పోర్టులోకి సూదితో సెలైను ఎక్కిస్తే తిత్తి ఉబ్బి బ్యాండు బిగుస్తుంది. సెలైను తీసివేస్తే వదులవుతుంది. బ్యాండు రకాన్ని బట్టి ఇందులో 4 నుంచి 14 మిల్లీలీటర్ల వరకు పడుతుంది. అందరికీ ఒకే కొలత సరిపోదు.

ఈ ఆపరేషనులో జీర్ణాశయాన్ని కోయరు, పేగులను మళ్లించరు. అవసరమైతే బ్యాండును తీసివేయవచ్చు. ఒకప్పుడు దీనికి అంత ఆదరణ రావడానికి కారణం ఇదే. 1993లో బెల్జియం దేశంలో డాక్టర్ మిటికు బెలాచ్యూ దీన్ని మొదటిసారిగా లాపరోస్కోపీ పద్ధతిలో, అంటే చిన్న రంధ్రాల ద్వారా అమర్చారు. 2001లో అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. అయితే ఏళ్లు గడిచేకొద్దీ బ్యాండు జారిపోవడం, గొట్టం కారడం, రెండవ ఆపరేషను అవసరం కావడం ఎక్కువగా కనబడడంతో దీని వాడకం తగ్గిపోయింది.

ఇది ఎలా పనిచేస్తుంది?

బ్యాండు పైన ఉన్న చిన్న సంచి అన్నంతో నిండగానే ఆకలి తీరుతుందని చాలామంది అనుకుంటారు. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో డాక్టర్ పాల్ ఓబ్రయన్, ఆయన తోటి వైద్యులు చేసిన పరిశీలనలలో మరొక సంగతి తెలిసింది. బ్యాండు సరైన బిగువులో ఉన్నప్పుడు అన్నం పైన నిలవ ఉండదు. మింగిన చిన్న ముద్దను అన్నవాహిక కొన్నిసార్లు పిండి, బ్యాండు గుండా కొంచెం కొంచెంగా కిందికి నెడుతుంది. ఒక ముద్ద పూర్తిగా దిగడానికి నిమిషం దాకా పడుతుంది. అలా నెట్టిన ప్రతిసారీ అక్కడి నరాల మీద ఒత్తిడి పడి, "ఇక చాలు" అనే కబురు మెదడుకు అందుతుంది. అందువల్లనే కొద్దిపాటి భోజనంతోనే ఆకలి తీరుతుంది.

ఇది అర్థం చేసుకుంటే మిగిలిన నియమాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. ముద్ద వెంట ముద్ద గబగబా వేసుకుంటే, మొదటిది దిగకముందే రెండవది దాని మీద పడుతుంది. పైభాగం ఉబ్బుతుంది. రొమ్ము మధ్య నొప్పి, నోట్లో జిగురు నీరు ఊరడం, చివరకు వాంతి. ఇదే రోజూ జరిగితే పైభాగం సాగిపోతుంది, బ్యాండు ఉన్న చోటి నుంచి జారిపోతుంది.

ఆపరేషను అయిన మొదటి ఆరు వారాలు

ఈ మధ్యనే బ్యాండు వేయించుకున్నవారు, లేదా జారిన బ్యాండును సరిచేయించుకున్నవారు ఈ వరుస పాటించాలి. మీ డాక్టరు చెప్పినదానిలో కొద్ది తేడా ఉంటే వారి మాటే పాటించండి.

మొదటి రెండు వారాలు ద్రవాలు మాత్రమే. పలుచని మజ్జిగ, పప్పుకట్టు, వడకట్టిన సూపు, వెన్న తీసిన పాలు, పలుచని రాగిజావ. ఒక్కసారిగా గ్లాసు ఎత్తకుండా గుక్క గుక్కగా తాగాలి.

తరువాత రెండు వారాలు మెత్తగా మెదిపినవి. మెత్తని పప్పు, పెరుగు, బాగా ఉడికించి మెదిపిన కూరగాయలు, గిలకొట్టి మెత్తగా వండిన గుడ్డు.

అయిదవ వారం నుంచి మెత్తని ఘనాహారం. ముళ్లు తీసిన చేప, ఇడ్లీ, మెత్తని కూరలు. ఆరవ వారం నాటికి నెమ్మదిగా మామూలు భోజనానికి రావచ్చు.

ఈ ఆరు వారాలు ఎందుకంటే, బ్యాండు చుట్టూ కండ అతుక్కుని అది కదలకుండా స్థిరపడాలి. ఈలోగా వాంతులైతే జారిపోయే ప్రమాదం ఎక్కువ. ఈ కాలంలో బరువులు ఎత్తకూడదు. నీళ్ల బిందె, గ్యాసు సిలిండరు మరొకరు ఎత్తాలి. సామాన్యంగా మొదటిసారి సెలైను ఎక్కించేది కూడా నాలుగు నుంచి ఆరు వారాలు గడిచాకే. అప్పటి వరకు ఆకలి వేస్తుంది. అది సహజం, ఆపరేషను పాడైందని భయపడకండి.

ఎంత బిగువు ఉండాలి?

మన కూడలిలో ట్రాఫిక్ దీపాలు మీకు తెలుసు. బ్యాండు బిగువును కూడా మూడు రంగులతో గుర్తుపెట్టుకోవచ్చు.

పసుపు: భోజనం చేసిన గంట రెండు గంటలకే ఆకలి వేస్తుంది. మునుపటిలాగే ఎక్కువ తినగలుగుతున్నారు. బరువు తగ్గడం లేదు. అంటే బ్యాండు వదులుగా ఉండవచ్చు. డాక్టరు పరీక్షించి కొద్దిగా సెలైను ఎక్కిస్తారు.

ఆకుపచ్చ: కొద్దిగా తింటే చాలనిపిస్తుంది. నాలుగైదు గంటలు ఆకలి వేయదు. పప్పు, కూర, చేప వంటి మామూలు ఆహారం నెమ్మదిగా తింటే ఇబ్బంది లేకుండా దిగుతుంది. వాంతులు లేవు. వారానికి అర కిలో నుంచి కిలో వరకు తగ్గుతున్నారు. ఇదే సరైన బిగువు. ఇక్కడ ఉన్నప్పుడు ఇంకా బిగించమని అడగవద్దు.

ఎరుపు: ఘనాహారం దిగదు. తరచుగా వాంతి అవుతుంది. పడుకుంటే పులితేపులు, రొమ్ములో మంట, రాత్రిపూట దగ్గు వస్తాయి. అంటే బ్యాండు మరీ గట్టిగా ఉంది, లేదా జారింది. సెలైను తీయించుకోవాలి.

ఎరుపులో ఉన్నవారు బరువు బాగా తగ్గిపోతారని అనుకుంటే పొరపాటే. ఎలాగో చూడండి. గట్టి బ్యాండు గుండా పప్పన్నం దిగదు, కూర దిగదు, కోడిమాంసం దిగదు. కానీ ఐస్‌క్రీము దిగుతుంది, పాయసం దిగుతుంది, టీలో ముంచిన బిస్కెట్టు దిగుతుంది. ఆకలి ఊరుకోదు కనుక మనిషి దిగేవాటి వైపే మళ్లుతాడు. ఇవన్నీ పంచదార, కొవ్వు నిండినవి. బ్యాండు దగ్గర ఆగవు కనుక నరాలకు ఒత్తిడి అందదు, "చాలు" అనే కబురు వెళ్లదు. చివరకు బరువు పెరుగుతుంది, మాంసకృత్తులు, ఇనుము తగ్గి నీరసం వస్తుంది, జుట్టు రాలుతుంది. అప్పుడు "బరువు పెరిగాను, ఇంకా బిగించండి" అని వస్తారు. ఆ సమయంలో చేయవలసింది బిగించడం కాదు, వదులు చేయడం. వదులు చేస్తే మళ్లీ మామూలు భోజనం తినగలుగుతారు, బరువు మళ్లీ దారిలోకి వస్తుంది.

ఇంకొక సంగతి. కొందరికి పొద్దున్నే బ్యాండు బిగుసుకున్నట్టు ఉంటుంది. నెలసరి రోజుల్లోనూ, మనసు ఆందోళనగా ఉన్నప్పుడూ అంతే. అటువంటప్పుడు ముందు గోరువెచ్చని నీళ్లు తాగి, అరగంట ఆగి, మెత్తని పదార్థంతో మొదలుపెట్టండి.

తినే పద్ధతి

1. చిన్న పళ్లెం, చిన్న చెంచా వాడండి. ఒక పూటకు మొత్తం అరకప్పు నుంచి ఒక కప్పు వరకు చాలు. ముందే కొలిచి పెట్టుకుని గిన్నె పక్కన పెట్టేయండి.

2. ముద్ద శనగగింజ అంతే ఉండాలి. చేత్తో కలిపి తినే అలవాటు ఉన్న మనకు ఇది కష్టమే. అందుకే మొదట కొన్నాళ్లు చెంచాతో తినడం మేలు.

3. నోట్లో పెట్టుకున్నది కనీసం 20 సార్లు నమలాలి. మింగాక చెంచా కింద పెట్టి ఒక నిమిషం ఆగాలి. గోడ గడియారం కనబడే చోట కూర్చోండి.

4. భోజనం 20 నుంచి 30 నిమిషాల్లో ముగించాలి. అప్పటికి పళ్లెంలో మిగిలినా లేచిపోండి.

5. భోజనంతో పాటు నీళ్లు తాగకండి. తిన్నాక ముప్పావు గంట, గంట ఆగి తాగండి. మిగిలిన సమయంలో రోజుకు ఆరు నుంచి ఎనిమిది గ్లాసులు తాగాలి.

6. మొదట మాంసకృత్తులు, తరువాత కూరగాయలు, చివరగా అన్నం. మన అలవాటు దీనికి తలకిందులు కనుక పట్టుబట్టి మార్చుకోవాలి.

7. టీవీ చూస్తూ, ఫోను మాట్లాడుతూ తినవద్దు. కబుర్లలో పడితే ముద్దలు లెక్క తప్పుతాయి.

8. ముక్కు కారడం, ఎక్కిళ్లు, నిట్టూర్పు, రొమ్ము మధ్య బరువుగా అనిపించడం కొందరిలో "చాలు" అనే గుర్తులు. అక్కడే ఆపండి. ఆ తరువాతి ముద్దతోనే వాంతి మొదలవుతుంది.

ఏమి తినాలి?

రోజుకు సుమారు 60 గ్రాముల మాంసకృత్తులు అందాలి. లెక్క ఇలా వేసుకోండి. ఒక గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 6 నుంచి 7 గ్రాములు, చిన్న కప్పు గట్టిపప్పులో 6 నుంచి 8 గ్రాములు ఉంటాయి. 100 గ్రాముల చేపలో 18 నుంచి 20 గ్రాములు, 100 గ్రాముల పనీరులో సుమారు 18 గ్రాములు ఉంటాయి. మాంసం తిననివారు పప్పు, పెరుగు, పనీరు, మొలకెత్తించి ఉడికించిన పెసలు, మీల్‌మేకరు కలిపి ఈ లెక్కకు రావచ్చు.

ఒక రోజు భోజనం ఈ విధంగా ఉండవచ్చు. ఉదయం ఒక ఇడ్లీ, ఒక ఉడికిన గుడ్డు. పదకొండు గంటలకు వెన్న తీసిన మజ్జిగ. మధ్యాహ్నం చేప కూర లేదా కోడి కీమా నాలుగు చెంచాలు, మెత్తని సొరకాయ లేదా బీరకాయ కూర మూడు చెంచాలు, పప్పుతో కలిపిన మెత్తని అన్నం మూడు చెంచాలు. సాయంత్రం పంచదార లేని పాలు. రాత్రి గట్టిపప్పు లేదా పనీరు కూర, మెత్తని కూరగాయలు, కొద్దిగా పెరుగు. మధ్యమధ్యలో చిరుతిండి అలవాటు మానుకోవాలి.

కొన్ని పదార్థాలు బ్యాండు దగ్గర అడ్డుపడతాయి. జిగురుగా ఉన్న అన్నం ముద్ద, మెత్తటి బ్రెడ్డు, మైదా రొట్టె, పరోటా, పీచు మాంసం, ఎండిపోయినట్టున్న కోడి రొమ్ముముక్క, ములక్కాడ పీచు, గోంగూర కాడలు, కొబ్బరి ముక్కలు, బత్తాయి తొనల పొర, పీచు మామిడి. వీటిలో ఏది మీకు పడుతుందో, ఏది పడదో ఒక పుస్తకంలో రాసుకోండి. అందరికీ ఒకేలా ఉండదు.

మరికొన్ని పదార్థాలు అస్సలు అడ్డుపడవు. అసలు ప్రమాదం వీటితోనే. కూల్‌డ్రింకులు, చెరకురసం, మిల్క్‌షేకు, పంచదార వేసిన పళ్లరసాలు, ఐస్‌క్రీము, చాక్లెట్లు, నోట్లో కరిగిపోయే మిక్చరు, చిప్సు, కారప్పూస. చిన్న కూల్‌డ్రింకు సీసాలో ఆరేడు చెంచాల పంచదార ఉంటుంది. అందులోని గ్యాసు కడుపును ఉబ్బిస్తుంది కూడా. మద్యంలోనూ శక్తి ఎక్కువ, మానివేయడమే మంచిది.

ముద్ద అడ్డుపడితే ఏం చేయాలి?

వెంటనే తినడం ఆపండి. నీళ్లు తాగి కిందికి దించుదామని ప్రయత్నించవద్దు. నీళ్లు దాని మీద నిలిచి బాధ ఎక్కువవుతుంది. సోడా తాగవద్దు. వీపు మీద గుద్దించుకోవద్దు, గొంతులో వేలు పెట్టుకోవద్దు. లేచి నెమ్మదిగా అటూ ఇటూ నడవండి. చాలాసార్లు కొంతసేపటికి అదే సర్దుకుంటుంది. ఆ తరువాత 24 గంటలు ద్రవాలు మాత్రమే తీసుకోండి. అడ్డుపడిన చోట వాపు ఉంటుంది కనుక వెంటనే అన్నం తింటే మళ్లీ అడ్డుపడుతుంది.

కొన్ని గంటలు గడిచినా మంచినీళ్లు దిగకపోతే, సొంత ఉమ్ము కూడా మింగలేకపోతే, ఆ రోజే ఆసుపత్రికి రండి. పోర్టు నుంచి సెలైను తీసివేస్తే చాలామందికి వెంటనే ఉపశమనం కలుగుతుంది.

ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గర వాంతుల ఇంజెక్షను చేయించుకుంటూ రోజులు గడపవద్దు. వారాల తరబడి వాంతులైతే బి-1 విటమిను బాగా తగ్గిపోతుంది. చూపు రెండుగా కనబడడం, నడక తూలడం, మాట తికమక కావడం దీని గుర్తులు. ఆలస్యమైతే ఈ నష్టం శాశ్వతంగా ఉండిపోవచ్చు. ఇటువంటివారికి గ్లూకోజు ఎక్కించే ముందే బి-1 ఇవ్వవలసి ఉంటుంది. కనుక ఎన్ని రోజులుగా వాంతులు అవుతున్నాయో దాచకుండా చెప్పండి.

మాత్రల విషయంలో జాగ్రత్తలు

పెద్ద మాత్రలు బ్యాండు దగ్గర ఆగిపోవచ్చు. డాక్టరును అడిగి సిరప్పుగా గాని, చిన్న మాత్రగా గాని మార్పించుకోండి. కొన్నింటిని పొడి చేసి వేసుకోవచ్చు. అయితే నెమ్మదిగా కరిగే రకం మాత్రలను, ఉదాహరణకు కొన్ని మెట్‌ఫార్మిన్ మాత్రలను, పొడి చేయకూడదు. మందంతా ఒకేసారి ఒంట్లోకి వెళుతుంది. మోకాళ్ల నొప్పులకు దుకాణంలో కొనే నొప్పి మాత్రలు జీర్ణాశయంలో పుండ్లు చేస్తాయి. డాక్టరు చెప్పకుండా వాడవద్దు.

షుగరు, బి.పి. ఉన్నవారు ముఖ్యంగా గమనించండి. తిండి తగ్గి, బరువు తగ్గేకొద్దీ పాత మోతాదు ఎక్కువైపోతుంది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి పాత మోతాదులోనే వాడుతుంటే షుగరు పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం జరగవచ్చు. తరచుగా పరీక్ష చేయించుకుని మోతాదు తగ్గించుకోవాలి. సొంతంగా మానివేయడం కూడా తప్పే.

డాక్టరు రాసిన మల్టీవిటమిను, కాల్షియం, విటమిన్ డి మాత్రలు బాగానే ఉన్నామని ఆపవద్దు. సంవత్సరానికి ఒకసారి రక్తం, ఇనుము, బి-12, విటమిన్ డి పరీక్షలు చేయించుకోండి.

ఎంత బరువు తగ్గుతాము?

ఒక ఉదాహరణ చూద్దాం. 160 సెంటీమీటర్ల ఎత్తు, 102 కిలోల బరువు ఉన్న స్త్రీని అనుకుందాం. ఆమె బి.ఎం.ఐ. సుమారు 40. మన భారతీయులకు ఉండవలసిన బి.ఎం.ఐ. 23 లోపు. ఆ లెక్కన ఆమె 59 కిలోలు ఉండాలి. అంటే అదనపు బరువు 43 కిలోలు. బ్యాండుతో సగటున రెండేళ్లలో ఈ అదనపు బరువులో సగానికి దగ్గరగా తగ్గుతారు. ఆమె విషయంలో అది 20 కిలోల వరకు. 59 కిలోలకు రాలేదని నిరాశపడవద్దు. ఉన్న బరువులో పదవ వంతు తగ్గినా షుగరు, బి.పి., గురక, మోకాళ్ల నొప్పి తగ్గుముఖం పడతాయి.

వారానికి ఒక్కసారి, ఒకే రోజు, పొద్దున్నే, ఒకే యంత్రం మీద చూసుకోండి. రోజూ చూసుకుంటే మనసు పాడవుతుంది. రోజుకు అరగంట వేగంగా నడవండి. వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం, కనీసం కుర్చీలో నుంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం వంటిది చేయండి. అలా చేయకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది.

స్త్రీలు గమనించవలసినవి

బరువు తగ్గేకొద్దీ క్రమం తప్పిన నెలసరి సర్దుకుంటుంది. ఇన్నేళ్లుగా పిల్లలు కలగనివారికి కూడా గర్భం రావచ్చు. కానీ ఆపరేషను తరువాత 12 నుంచి 18 నెలల వరకు గర్భం రాకుండా చూసుకోవడం మంచిది. గర్భం వస్తే మొదటి నెలలోనే డాక్టరుకు బ్యాండు ఉందని చెప్పండి. వేవిళ్ల వాంతులతో బ్యాండు జారవచ్చు. అవసరమైతే సెలైను తీసి వదులు చేస్తారు, బిడ్డకు తగిన ఆహారం అందుతుంది.

మన ఇళ్లలో స్త్రీలు అందరి తరువాత తింటారు. పిల్లలు వదిలేసినది పారేయలేక నోట్లో వేసుకుంటారు. పొద్దుటి నుంచి ఏమీ తినక, మూడు గంటలకు ఆకలితో గబగబా తింటారు. బ్యాండు ఉన్నవారికి ఇవన్నీ హానికరం. వేళకు, అందరితో పాటు కూర్చుని తినండి. ఉపవాసం ఉండదలచినవారు ముందుగా డాక్టరును అడగండి. ఉన్నా నీళ్లు మానవద్దు, ఉపవాసం విడిచేటప్పుడు ఒక్కసారిగా తినవద్దు.

ఇంట్లోవారికి ఒక మాట

"ఏంటమ్మాయ్, పిట్టలాగా తింటున్నావు, ఇంకొంచెం వేసుకో" అని అత్తగారు ప్రేమగానే అంటారు. పెళ్లిళ్లలో, పండుగలలో బంధువులు బలవంతంగా వడ్డిస్తారు. ఆ ఒక్క ముద్ద ఆమెను వాంతి కోసం పెరట్లోకి పరుగెత్తిస్తుంది. దయచేసి బలవంతం చేయకండి. ఆమె నెమ్మదిగా తింటున్నంతసేపు పక్కన కూర్చోండి, అదే పెద్ద సాయం.

బ్యాండు కడుపు ఆకలిని తగ్గిస్తుంది గాని, దిగులును, ఒంటరితనాన్ని తగ్గించదు. మనసు బాగోలేనప్పుడల్లా తీపి వైపు చెయ్యి వెళుతుంటే సిగ్గుపడకుండా మాతో చెప్పండి. దానికీ సలహా, వైద్యం ఉన్నాయి.

ఆలస్యం చేయకూడని గుర్తులు

1. నీళ్లు, ఉమ్ము మింగలేకపోవడం, ఆగని వాంతులు.

2. కడుపులో లేదా రొమ్ము కింద తీవ్రమైన నొప్పి. జారిన బ్యాండు జీర్ణాశయానికి రక్తప్రసారాన్ని ఆపివేయవచ్చు.

3. వాంతిలో రక్తం, నల్లని విరేచనం.

4. రాత్రిపూట దగ్గు, పడుకుంటే తిన్నది గొంతులోకి రావడం. ఇది ఊపిరితిత్తుల్లోకి వెళితే న్యుమోనియా వస్తుంది.

5. పోర్టు దగ్గర ఎరుపు, వాపు, చీము, జ్వరం. బ్యాండు జీర్ణాశయపు గోడలోకి కోసుకుపోయినప్పుడు కూడా పోర్టు దగ్గర చీము పట్టవచ్చు.

6. ఉన్నట్టుండి ఆకలి పెరిగి ఎంతైనా తినగలగడం. గొట్టం కారుతూ ఉండవచ్చు, లేదా బ్యాండు లోపలికి కోసుకుపోయి ఉండవచ్చు. నొప్పి లేదు కదా అని వదిలేయవద్దు.

పాత బ్యాండు ఉన్నవారికి

బ్యాండు వేసి పదేళ్లు దాటినా, ఏ బాధ లేకపోయినా సంవత్సరానికి ఒకసారి ఊబకాయ శస్త్రచికిత్సలు చేసే డాక్టరుకు చూపించుకోవాలి. బేరియం తాగించి తీసే ఎక్స్‌రేలో బ్యాండు స్థానం, అన్నవాహిక సాగిందా అన్నది తెలుస్తుంది. ఏళ్లు గడిచినవారిలో చాలామందికి బ్యాండు తీయించుకోవలసి వస్తుంది. అది మీ ఓటమి కాదు. తీశాక బరువు తిరిగి పెరిగే అవకాశం ఉంది కనుక తరువాత ఏం చేయాలో ముందే డాక్టరుతో మాట్లాడుకోండి. కొందరికి స్లీవ్ లేదా బైపాస్ చేస్తారు. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ అనే బరువు తగ్గించే ఇంజెక్షన్లు 2025లో మన దేశంలోనూ అందుబాటులోకి వచ్చాయి. అవి ఎవరికి తగునో డాక్టరే చెప్పాలి.

ఒక చిన్న కార్డు రాసి పర్సులో పెట్టుకోండి. అందులో ఈ సంగతులు ఉండాలి: నాకు గ్యాస్ట్రిక్ బ్యాండు ఉంది. దాని రకం ఇది. వేసిన సంవత్సరం, ఆసుపత్రి ఇవి. చివరిసారి ఇంత సెలైను ఎక్కించారు. పోర్టులో హ్యూబర్ సూది మాత్రమే వాడాలి. మామూలు సూది గుచ్చితే పోర్టు కారిపోతుంది. ఎండోస్కోపీ చేసే ముందు, ముక్కు గొట్టం వేసే ముందు, మత్తు ఇచ్చే ముందు, ఎం.ఆర్.ఐ. తీసే ముందు ఈ కార్డు చూపించండి. కాగితాలు పోయినవారు ఆపరేషను చేసిన ఆసుపత్రికి ఉత్తరం రాసి వివరాలు తెప్పించుకోవచ్చు. అది కుదరకపోతే ఎక్స్‌రేలో బ్యాండు ఆకారాన్ని బట్టి రకాన్ని గుర్తించడానికి డాక్టరు ప్రయత్నిస్తారు.

బ్యాండుతో రోజూ వాంతి చేసుకుంటూ బతకవలసిన అవసరం ఎవరికీ లేదు. ఇంట్లోవారితో కూర్చుని, కొద్దిగానైనా పప్పన్నం సుఖంగా తినగలిగితే మీ బ్యాండు సరిగ్గా ఉన్నట్టు. అలా తినలేకపోతున్నారా? ఈ వారమే వచ్చి చూపించుకోండి.